సెమిటెండినోసస్‌ను ముందు చేత్తో పట్టుకో

బంగారూ,

తొడ వెనక భాగం డిసెక్షన్ మొదలవుతోందని, హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండలు) పేర్లన్నీ కలగాపులగమై టెన్షన్‌గా ఉందని రాశావు. ఏళ్ల తరబడి అనాటమీ చెప్పిన పెద్దమ్మ మాట ఒకటి విను. ఆరిజిన్, ఇన్సర్షన్ (కండ పుట్టే చోటు, అంటుకునే చోటు) బట్టీ పట్టే ముందు నీ కాలు నువ్వు తడిమి చూసుకో.

కుర్చీలో కూర్చుని మడమను కుర్చీ కాలికి ఆనించి గట్టిగా వెనక్కి నొక్కు. మోకాలి వెనక, లోపలి వైపు, తాడులా బిగిసి వేలికి తగిలేదే సెమిటెండినోసస్ అనే హ్యామ్‌స్ట్రింగ్ టెండన్, అంటే కండ చివర ఎముకకు అంటుకునే గట్టి భాగం. దానికి ఇంకా లోపలగా సన్నగా ఉండేది గ్రాసిలిస్. బయటి వైపు తగిలేది బైసెప్స్ ఫెమోరిస్. సెమిటెండినోసస్‌నే పట్టుకుని పైకి వెళ్లు. తొడ మధ్యకు వచ్చేసరికి టెండన్ పోయి కండ మొదలవుతుంది. అది నువ్వు కూర్చునే ఎముక, అంటే ఇస్కియల్ ట్యూబరాసిటీ దాకా వెళ్తుంది. అక్కడ బైసెప్స్ రెండు తలల్లో పొడవైన లాంగ్ హెడ్‌తో కలిసే పుడుతుంది కాబట్టి టేబుల్ మీద ఆ రెండింటినీ బ్లేడుతో కాదు, వేలితో విడదియ్యి. తొడ వెనక దిగే పెద్ద నరం, సయాటిక్ నర్వ్ దగ్గరికి మాత్రం బయటి వైపు నుంచే వెళ్లు. హ్యామ్‌స్ట్రింగ్స్‌కి వెళ్లే కొమ్మలు లోపలి వైపు నుంచి వస్తాయి, తొందరపడితే తెగిపోతాయి. బైసెప్స్ షార్ట్ హెడ్‌కి వెళ్లే కొమ్మ ఒక్కటే బయటి వైపుది. వైవాలో (నోటి పరీక్షలో) ఎలాగూ అడుగుతారు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కబడ్డీలో మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి కీలు మధ్యలో ఎముకల్ని కలిపే లిగమెంట్) తెగినవాళ్లకు చాలాసార్లు ఈ టెండన్‌నే తీసి, మడతలు పెట్టి కొత్త లిగమెంట్‌గా వేస్తారు. టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) పైభాగంలో లోపలి వైపు చిన్న కోత పెట్టి, సార్టోరియస్ అనే కండ పొర కింద దీన్ని వెతుకుతారు. దీని నుంచి పిక్క కండ లోపలి తల మీదికి కొన్ని పట్టీలు వెళ్తాయి. వాటిని ముందుగా కొయ్యకుండా స్ట్రిప్పర్ (టెండన్‌ను ఊడదీసే పనిముట్టు) తోస్తే అది దారి తప్పి టెండన్ సగంలోనే తెగుతుంది, గ్రాఫ్ట్ (లిగమెంట్‌గా వేసే ముక్క) పొట్టిదై పోతుంది. ఆ కోత దగ్గరే చర్మానికి స్పర్శ ఇచ్చే సఫీనస్ నర్వ్ కొమ్మ కూడా ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక మోకాలి ముందు కొంతమేర స్పర్శ లేదని పేషెంట్ అంటే, అది వాళ్ల భ్రమ అని ఎప్పుడూ కొట్టిపారేయకు.

పరుగులో పట్టేసేది ఎక్కువగా బైసెప్స్ లాంగ్ హెడ్. పాదం నేల తాకబోయే ముందు కండ సాగుతూనే కాలికి బ్రేక్ వేయాల్సి వస్తుంది, చిరిగేది అప్పుడే. ఎదిగే వయసు పిల్లలకు మాత్రం కండ కాకుండా, అది అంటుకున్న ఎముక ముక్కే ఊడి రావచ్చు. పరుగెడుతూ పిరుదు కింద పట్టుకుని కూలబడిన పిల్లవాణ్ణి కండ పట్టిందని పంపేయకుండా ఎక్స్‌రే తీయించాలి.

ఈ వారం డిసెక్షన్‌లో ఆ పిక్క వైపు పట్టీలు వెతుకు. మీ టేబుల్ మీద ఎన్ని కనిపించాయో, టెండన్ టిబియాకు అంటుకునే చోటి నుంచి ఎంత దూరంలో ఉన్నాయో బొమ్మ గీసి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ