గాలియం-68 లేబులింగ్ ఒకరోజు 97, ఒకరోజు 70: తప్పు పెప్టైడ్‌దేనా?

ప్రశ్న ఇది: "న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ స్కాన్ల కోసం డోటాటేట్‌కి గాలియం-68 లేబుల్ చేస్తున్నాం. వారం మధ్యలో 97 శాతం వస్తుంది, సోమవారం 70కి పడిపోతుంది. పెప్టైడ్ సప్లయర్‌ని మార్చాలా?"

అక్కర్లేదు. డోటాటేట్ అంటే ట్యూమర్ రిసెప్టర్లకి అతుక్కునే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క), దానికి లోహాన్ని పట్టుకునే డోటా అనే పంజరం తగిలించి ఉంటుంది. గాలియంలో ఎంత భాగం దానికి అంటుకుందో మీరు చెప్పే శాతం చూపిస్తుంది. సోమవారం అని మీరే రాశారు, జవాబు అక్కడే ఉంది. శుక్రవారం తర్వాత జనరేటర్‌ని (జర్మేనియం-68 క్షీణిస్తూ గాలియం-68 తయారయ్యే కాలమ్) ఎవరూ ముట్టుకోలేదు. గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే, క్షీణించి జింక్-68 అవుతుంది. రెండు రోజులుగా కాలమ్‌లో పేరుకున్న ఆ జింక్ సోమవారం మొదటి ఎల్యూషన్‌తో (కాలమ్‌ని యాసిడ్‌తో కడిగి గాలియం దింపడం) బయటికొచ్చి, డోటాలో చోటు కోసం గాలియంతో పోటీ పడుతుంది. పొద్దున రాగానే 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఒకసారి ఎల్యూట్ చేసి ఆ వయల్ పక్కన పెట్టేయండి. నాలుగు గంటలు ఆగితే గాలియం 90 శాతం దాకా మళ్ళీ తయారవుతుంది. లేబులింగ్ దానితో చేయండి.

అప్పటికీ పడిపోతుంటే స్టీలు సూది వాడుతున్నారేమో చూడండి. యాసిడ్ తగిలితే సూదిలోంచి ఇనుము దిగుతుంది. ఫెర్రిక్ అయాన్ సైజు దాదాపు గాలియం అంతే, అందుకే జింక్ కన్నా అదే ఎక్కువ చెరుపు చేస్తుంది. ప్లాస్టిక్ కాన్యులా వాడండి.

"సోడియం అసిటేట్ కలిపాం" అని రాసి (పీహెచ్‌ని నిలబెట్టే బఫర్ అది) పీహెచ్ ఎంతో చెప్పని పేపర్లు చూస్తే ఒళ్ళు మండుతుంది. 3.5 నుంచి 4 మధ్య ఉండాలి. 3 కన్నా దిగితే డోటా ప్రోటాన్లని వదలదు, రియాక్షన్ నత్తనడక నడుస్తుంది. 5 దాటితే గాలియం హైడ్రాక్సైడ్ కొల్లాయిడ్ (ద్రవంలో తేలే సన్నటి కణాలు) అవుతుంది. బఫర్ కలిపాక రెండు మైక్రోలీటర్లు తీసి పీహెచ్ స్ట్రిప్ మీద పెట్టి చూసుకోండి. ఆ తర్వాతే 95 డిగ్రీల్లో 10 నిమిషాలు. హీటింగ్ బ్లాక్ గుంతలో కాసిన్ని నీళ్ళు పోయండి, లేకపోతే వయల్‌కి వేడి సరిగ్గా అందదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఈ కొల్లాయిడే. సిట్రేట్‌లో నడిపిన టీఎల్‌సీ పట్టీలో (ద్రవం పైకి పాకుతూ పదార్థాల్ని విడదీసే పట్టీ) విడి గాలియం పైకి పోతుంది, పెప్టైడూ కొల్లాయిడూ రెండూ కిందే ఉండిపోతాయి. పట్టీ 98 చూపిస్తుంది, స్కాన్‌లో లివర్ మామూలు కన్నా ఎక్కువ వెలుగుతుంది. అమ్మోనియం అసిటేట్, మెథనాల్ సమపాళ్ళలో కలిపి ఇంకో పట్టీ నడపండి. అందులో పెప్టైడ్ పైకి వెళ్తుంది, కొల్లాయిడ్ చుక్క పెట్టిన చోటే కూర్చుంటుంది. రెండు పట్టీలూ చూడకుండా ఏ శాతాన్నీ నమ్మకండి.

పెప్టైడ్ పెంచి శాతం లాక్కురావాలని మాత్రం చూడకండి. 40 మైక్రోగ్రాములు చాలు. లేబుల్ కాని పెప్టైడ్ ఎక్కువైతే ట్యూమర్ మీది రిసెప్టర్లని అదే ఆక్రమిస్తుంది, స్కాన్‌లో గడ్డ మసకబారుతుంది.