డాలస్‌లో ఉన్న గాజువాక తమ్ముడికి: ఏ రివాల్వర్ తూటాలు ఇంట్లో నింపుకుంటే గిట్టుబాటవుతుంది?

మీరు అడిగింది రెండు విషయాలు. గ్రీన్ కార్డు వచ్చాక డాలస్‌లో .357 మాగ్నమ్ రివాల్వర్ కొన్నారు, ప్రతి వారం రేంజికి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) వెళ్తుంటే తూటాలకే జేబు ఖాళీ అవుతోంది, కాబట్టి ఇంట్లో రీలోడ్ (కాల్చిన ఖాళీ గొట్టాన్ని మళ్లీ నింపడం) చేసుకోదగ్గవి ఏవి అన్నది మొదటిది. గాజువాకలో నాన్నగారి దగ్గర లైసెన్సున్న .32 రివాల్వర్ ఉంది, ఆయన కూడా ఖాళీలు నింపుకోవచ్చా అన్నది రెండోది.

రెండోదానికి ముందు చెప్తాను, ఎందుకంటే అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. వద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటా తయారు చేయాలంటే దానికి వేరే లైసెన్సు ఉండాలి. నాన్నగారి దగ్గరున్నది ఆయుధం ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు, తయారీకి ఇచ్చింది కాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. మీరు అమెరికా నుంచి ముచ్చటపడి తూటాలు నింపే చిన్న ప్రెస్ ఒకటి పట్టుకొచ్చి నాన్నగారికి ఇవ్వాలనుకుంటున్నారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. రిటైరై ప్రశాంతంగా ఉన్న మనిషిని స్టేషన్ చుట్టూ తిప్పినట్టవుతుంది.

ఆయన కోసం చేయగలిగింది ఒకటుంది. మన విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. తోలు హోల్‌స్టర్‌లోనో (తుపాకీ ఒరలోనో) తోలు బెల్టులోనో తూటాలు నెలల తరబడి ఉంచితే ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. పాత పూజ సామానుకు పట్టేదే అది. తోలు నుంచి తీసి, గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లంతో పెట్టమనండి. చిలుము లోతుగా పట్టినవి ఉంటే గీకి శుభ్రం చేసి వాడొద్దని, లైసెన్సున్న డీలరుకు చూపించమని చెప్పండి. కాల్చిన ఖాళీలు కూడా పారేయకుండా లెక్కకు దాచుకోవడం మంచిది.

ఇక మీ సంగతి. నేను హ్యూస్టన్‌లో తొమ్మిదేళ్లున్నాను. అందులో ఆరేళ్లు గరాజ్‌లో బల్ల వేసుకుని .38 స్పెషల్, .45 కోల్ట్ నింపాను. 2021లో తిరిగొచ్చేశాను, ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ఇది చదివే మిగతా పిల్లల కోసం ఒక మాట: హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప, అక్కడ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. అది ఫెడరల్ చట్టం. స్నేహితుడిదే కదా అని చేతిలోకి తీసుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి.

తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి గొట్టం, అడుగున ప్రైమర్ (పిన్ను కొట్టగానే నిప్పు రాజేసేది), లోపల తుపాకీ మందు, పైన బుల్లెట్ (ఎగిరి వెళ్లే ముక్క). వీటిలో ఖరీదైనది ఇత్తడే, కాల్చాక మిగిలేది కూడా అదే. పిస్టల్ అయితే ఖాళీని ఎక్కడికో విసిరేస్తుంది, పక్కవాళ్ల కాళ్ల మధ్య ఏరుకోవాలి. రివాల్వర్‌లో సిలిండర్ తెరిచి కడ్డీ నొక్కితే ఆరుకు ఆరూ అరచేతిలో పడతాయి. రీలోడింగుకు రివాల్వర్ ఇంత బాగా కుదరడానికి మొదటి కారణం అదే.

2018లో నేను వేసుకున్న లెక్క ఇంకా డైరీలో ఉంది. .38 స్పెషల్ కొత్త డబ్బా, 50 తూటాలు, 19 డాలర్లు. అంటే ఒక్కోటి 38 సెంట్లు. ఇంట్లో నింపితే ప్రైమర్ 3, మందు 2, సీసం బుల్లెట్ 9, మొత్తం 14 సెంట్లు. తూటాకు 24 సెంట్లు మిగులు. ప్రెస్, డైలు (గొట్టాన్ని సరైన కొలతకు తెచ్చే అచ్చులు), త్రాసు, మిగతా చిల్లర సామాను కలిపి నాకు 300 డాలర్లయింది, 1250 తూటాలకు ఆ డబ్బు తిరిగొచ్చింది. .45 కోల్ట్ కొంటే 72 సెంట్లు, నింపితే 18. అది 560 తూటాలకే గిట్టింది. అదే 9 మి.మీ. అయితే కొన్నా 20 సెంట్లే, నింపితే 13. సామాను ఖర్చు రాబట్టాలంటే నాలుగు వేలు దాటాలి. 9 మి.మీ. కాల్చే రివాల్వర్లు కూడా ఉన్నాయి, వాటి కోసం ఈ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం. 2020లో ప్రైమర్లు దొరక్క రేట్లు ఎన్నో రెట్లు పెరిగాయి, కాబట్టి నా అంకెలు పక్కన పెట్టి మీ ఊరి ధరలతో ఇదే లెక్క వేసుకోండి. కొత్త తూటా ధరకూ, ప్రైమర్, మందు, బుల్లెట్ మూడింటి ధరకూ మధ్య తేడా ఎంత, నెలకు మీరు ఎన్ని కాలుస్తారు, ఈ రెండూ చూస్తే చాలు.

.22 రిమ్‌ఫైర్ అసలు లెక్కలోకి రాదు. దాని ప్రైమర్ మసాలా గొట్టం అంచులోనే ఉంటుంది, పిన్ను కొట్టి అంచు నొక్కుకుపోయాక మళ్లీ పనికిరాదు. అల్యూమినియం గొట్టాలు చెత్తలోకి. ఏరిన ఖాళీల్లో ఒకదాన్ని లోపలికి తొంగి చూడండి: అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే అది బాక్సర్ అనే రకం, నింపుకోవచ్చు. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, మామూలు పరికరంతో ఆ ప్రైమర్ ఊడిరాదు, పక్కన పెట్టేయండి.

మీ చేతిలో .357 ఉంది కాబట్టి .38 స్పెషల్ కూడా అందులో కాలుతుంది. రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే. .357 గొట్టం అంగుళంలో ఎనిమిదో వంతు కన్నా కొంచెం పొడవు, అంతే తేడా. కానీ పీడనంలో చాలా అంతరం ఉంది: .38కి గరిష్ఠం 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357కి 35,000. తక్కువ పీడనం ఇత్తడిని తక్కువ సాగదీస్తుంది. మెత్తగా, అంటే తక్కువ మందుతో నింపిన .38 ఖాళీలను నేను ఒక్కోటి పదిహేను సార్ల దాకా వాడాను. నా స్నేహితుడు .357లో మందు ఎక్కువ వేసేవాడు, ఐదారు సార్లకే మూతి దగ్గర నిలువు పగులు కనపడేది, ప్రైమర్ గుంట వదులయ్యేది. పైగా .38 గొట్టం నిటారుగా ఉంటుంది, కార్బైడ్ డై కొంటే నూనె రాయకుండానే సైజు చేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి తూటా లేదు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. .38లే కాలుస్తూ పోతే సిలిండర్ గదుల్లో ఆ పొట్టి గొట్టం ముగిసే చోట మసి వలయం కడుతుంది, తర్వాత .357 పెడితే సరిగ్గా కూర్చోదు. ప్రతిసారీ బ్రష్ వేయాలి. ఆ గొడవ వద్దనుకుంటే .357 గొట్టాల్లోనే మెత్తని లోడ్ నింపుకోండి. .38 రివాల్వర్ ఇంట్లో ఇంకోటి లేకపోతే నేను ఈ రెండో దారే చెప్తాను. .357 స్థాయి మందును మాత్రం .38 గొట్టంలో ఎన్నడూ వేయకండి. ఆ తూటా ఎప్పుడో ఎవరి పాత .38లోకో వెళ్తుంది, అది ఆ పీడనాన్ని తట్టుకోదు.

.44 మాగ్నమ్ కూడా లెక్క ప్రకారం బాగా గిట్టుతుంది. .327 ఫెడరల్ మాగ్నమ్ అనే మరో రివాల్వర్ తూటా పీడనం 45,000 పీఎస్ఐ, .357 కన్నా ఎక్కువ. దాంతో మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు చెప్పేది నాకు జరిగింది. .38 పుట్టింది 1898 ప్రాంతంలో, పాతకాలపు నల్ల తుపాకీ మందు కొలతకు తగ్గ పొడవుతో. ఇప్పటి పొగలేని మందు అందులో అడుగున కొంచెమే ఉంటుంది. మరిచిపోయి రెండుసార్లు పోసినా పొంగదు, అసలు పోయకపోయినా పైనుంచి చూస్తే చీకటే కనిపిస్తుంది. ఒక శనివారం రాత్రి అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ యాభై నింపాను. ఇక్కడ ఆదివారం పొద్దున్న, సింహాచలం వెళ్లొచ్చామని చెప్తోంది. మర్నాడు రేంజిలో నాలుగో తూటాకు పేలుడు లేదు, "తుస్" మని ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు. వేలు మళ్లీ ట్రిగ్గర్ మీదకు పోతోంది. పక్క లేన్‌లోని పెద్దాయన "ఆపు!" అని అరిచాడు. విప్పి చూస్తే బుల్లెట్ బారెల్ మొదట్లోనే ఇరుక్కుని ఉంది. ప్రైమర్ శక్తికి అంతవరకే వెళ్లింది. ఇంకోటి కాల్చి ఉంటే బారెల్ చీలిపోయేదేమో. ఆ రాత్రి మిగతా 46 తూటాలనూ ఒక్కొక్కటిగా విప్పాను. ఆ రోజు నుంచి ఫోన్ గరాజ్ బయట. యాభై గొట్టాలూ చెక్క పలకలో నిలబెట్టి, మందు పోశాక టార్చి లైటు వేసి అన్నింటిలో ఒకే మట్టం ఉందని చూసి, ఆ తర్వాతే బుల్లెట్ పెట్టేవాణ్ని. మందు కొలత ముద్రిత లోడ్ మాన్యువల్ (ఏ తూటాకు ఎంత మందో చెప్పే పుస్తకం) లోది మాత్రమే, అదీ అందులో ఇచ్చిన ప్రారంభ కొలత నుంచే.

ఖాళీలు కడగడం గురించి కూడా అడిగారు. అమ్మ హ్యూస్టన్ వచ్చినప్పుడు మసిబారిన ఖాళీల డబ్బా చూసి "ఇంత ఇత్తడికి చింతపండు లేదేంట్రా?" అంది. నిజంగానే పులుసు నీళ్లలో పది నిమిషాలు వేస్తే దీపారాధన కుందుల్లా మెరిశాయి. ఒకసారి గంటసేపు మరిచిపోతే గులాబీ రంగుకు తిరిగాయి. జింకు కరిగి పైన రాగి తేలిందన్నమాట. వాటిని వాడలేదు. అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ అస్సలు వద్దు, ఇత్తడిని పెళుసు చేస్తుంది. కడిగాక ఎండలో పూర్తిగా ఆరాలి. వంటింటి సింకులో, వంట గిన్నెల్లో మాత్రం ఈ పని చేయకండి. ఆ మసిలో సీసం ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు కదా.

సంక్రాంతికి వస్తున్నారట. నేను తిరిగొచ్చాక ఇక్కడ పెట్టె సర్దుతుంటే రేంజికి వేసుకునే జాకెట్ లోపలి జేబులోంచి .38 ఖాళీ ఒకటి మంచం మీద పడింది. మూడు విమానాశ్రయాలు దాటొచ్చింది. అది నిండు తూటా అయ్యుంటే, ఎక్కడైనా పట్టుబడి ఉంటే, ఆలోచిస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. రేంజికి తీసుకెళ్లే సంచినీ, వేసుకెళ్లే బట్టలనీ ప్రయాణానికి వాడకండి, వాడక తప్పకపోతే ప్రతి జేబూ బయటికి తిప్పి చూడండి.

నెలకు ఎన్ని తూటాలు కాలుస్తారో, అక్కడ ప్రైమర్ల ధర ఎంతుందో రాయండి, లెక్క వేసి చెప్తాను.