లారీ బ్రోకరేజ్ ప్లాన్‌లో మొదట రాయాల్సింది కమీషన్ కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో కొత్తగా ఫ్రైట్ బ్రోకరేజ్ పెడదామనుకుంటున్నా. చేతిలో 10 లక్షలున్నాయి. బ్యాంకుకి చూపించడానికి బిజినెస్ ప్లాన్ ఎలా రాయాలి?

ఆటోనగర్‌లో పదేళ్లకు పైగా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడుపుతున్నా. సొంత బండి ఒక్కటీ లేదు, సరుకున్నవాళ్లకి లారీ కుదిర్చిపెట్టడమే నా పని. ఒక టేబుల్, రెండు ఫోన్లు, ఎల్‌ఆర్ (లారీ రసీదు) పుస్తకాలు, పక్కన టీ కొట్టులో ఖాతా, అంతే నా ఆస్తి. అందుకని మీరు నన్నే అడిగారనుకుని రాస్తున్నా.

మొన్న మా అక్క కొడుకు ఇలాంటి ప్లానే ఒకటి తెచ్చాడు. 38 పేజీలు, రంగురంగుల బొమ్మలు, ఏటేటా 30 శాతం పెరుగుదల. ఎవరు పెంచుతారో మాత్రం లేదు. మధ్యలో 75,000 డాలర్ల బాండ్ అని ఉంది! అమెరికాలో బ్రోకర్ లైసెన్సుకి కట్టేది అది. వీడియోలు చూసి దించేశాడు. "మామా, ఆ బాండ్ మన దగ్గర ఎక్కడిస్తరు?" అని నన్నే అడిగాడు. మన దగ్గర చూసుకోవాల్సింది 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం. రసీదు రాసిచ్చి సరుకు బుక్ చేసుకుంటే బ్రోకరైనా సరే కామన్ క్యారియర్, అంటే అందరి సరుకూ కిరాయికి చేరవేసేవాడి కిందికే వస్తాడు, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 38 పేజీల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

జీఎస్టీ కూడా ముందే తేల్చుకోండి. బండి చూపించి కమీషన్ మాత్రం తీసుకుంటే ఆ కమీషన్ మీద 18 శాతం. మీ పేరు మీద ఎల్‌ఆర్ కోస్తే మీరు జీటీఏ (గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ), అప్పుడు లెక్క వేరు. మామూలుగా 5 శాతం పార్టీయే, అంటే సరుకు పంపే కంపెనీయే కట్టుకుంటుంది. ఈ రెంటిలో మీరేదో మొదటి పేజీలోనే రాయండి. మిగతా పన్ను సంగతులు మీ సీఏ చూసుకుంటాడు.

ఇక అసలు సంగతి. అందరూ ప్లాన్‌లో "లోడుకి 2,000 మిగులు, నెలకి 25 లోడ్లు, 50,000 ఆదాయం" అని రాసేస్తారు. బండి కిరాయి 60,000 అనుకోండి. లోడు ఎక్కగానే ఓనర్‌కి 80, 90 శాతం అడ్వాన్స్ కొట్టాలి. మిగిలింది పీఓడీ, అంటే సరుకు ముట్టిందని ముద్ర వేసిన ఎల్‌ఆర్ కాపీ, చేతికి రాగానే ఇవ్వాలి. పార్టీ మాత్రం 60 రోజులకిస్తుంది. అంటే నెలకి 25 లోడ్లు తిప్పాలంటే దాదాపు 30 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెల వడ్డీ 60,000. మిగులు 50,000. టీ ఖాతా అదనం.

నేనిది కాగితం మీద నేర్చుకోలేదు. 2019 వానాకాలంలో జీడిమెట్ల నుంచి రాయ్‌పూర్‌కి పీవీసీ పైపుల లోడు ఒకటి పెట్టా. పార్టీతో 48,000, బండికి 46,500. నాకు 1,500. కోదాడ బండి. డ్రైవర్ మంచివాడే, సరుకు సమయానికి దించాడు. తిరిగొచ్చి ఎల్‌ఆర్ కాపీ చేతిలో పెట్టాడు. తడిసి, నాలుగు మడతల్లో అంటుకుపోయి ఉంది. ఫ్యాన్ కింద పరిచి, ఎగిరిపోకుండా ఓ మూల స్టాప్లర్, ఓ మూల సెల్‌ఫోన్ పెట్టి ఆరబెట్టాం. ఆరాక చూస్తే గోడౌన్ ముద్ర ఉండాల్సిన చోట నేరేడు పండు నలిపినట్టు ఊదా మరక. సంతకం కూడా అందులోనే కలిసిపోయింది.

పార్టీ అకౌంట్స్‌లో ఆ కుర్రాడు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది నడవదు సార్, ముద్ర కనిపించే ఒరిజినల్ కావాలె" అన్నాడు. ఫోన్‌లో ఫొటో పెట్టిస్తానన్నా. ఒప్పుకోలేదు. ఇటు డ్రైవర్ నా ఆఫీసు మెట్ల మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. "అన్నా, నేను సరుకు దించిన్నా లేదా? నీ పార్టీకి ముద్ర కావాలంటే నాకేం సంబంధం? ఓనర్ తిడుతుండు, నా బ్యాలెన్స్ ఇయ్యి." ఒక్క మాటా తప్పు లేదు. మూడో రోజు మా చిట్టీ పాడుకున్న డబ్బులోంచి తీసి 8,500 ఇచ్చి పంపించా. ఆ చిట్టీ మా ఆవిడ పాపాయి స్కూలు ఫీజుకని పాడించింది. ఆ గొడవ వేరే రాయాలి.

సికింద్రాబాద్‌లో రైలెక్కి రాయ్‌పూర్ పోయా, రూపాయి బిళ్లంత ముద్ర కోసం! భాన్‌పురిలో గోడౌన్ పట్టుకుంటే ఇన్‌చార్జి సెలవు. ముద్ర ఆయన బీరువాలో, తాళం ఆయన జేబులో. నా హైదరాబాదీ హిందీకి అక్కడి హమాలీలు తెగ నవ్వుకున్నారు. "నక్కో", "హౌ" అని నా చేత మళ్లీ మళ్లీ అనిపించుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆయనొచ్చి ముద్ర కొట్టి, కింద "2 పైపులు పగుళ్లు" అని కూడా రాసిచ్చాడు. మొదటి కాగితంలో ఆ మాట ఉందో లేదో మరకలో ఎవరికి తెలుసు? టికెట్లు, లాడ్జి, తిండి కలిపి 2,600 అయింది. నా మిగులెంతో పైన చెప్పాగా.

"ఇప్పుడు చట్టముంది కదా, చిన్న సంస్థలకి 45 రోజుల్లో ఇవ్వాలి కదా" అంటారు. ఉంది. చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోండి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. 2023-24 నుంచి ఆ గడువు దాటిస్తే, డబ్బిచ్చేదాకా పార్టీకి ఆ ఖర్చుని ఆదాయపు పన్నులో చూపించుకోవడానికి కూడా లేదు. కానీ ఆ కాగితం తీసుకెళ్లి పార్టీ ముందు పెడితే డబ్బు వస్తుంది, మళ్లీ లోడు రాదు. నాకలా రెండు పార్టీలు పోయాయి.

ఈ-వే బిల్లు, అంటే సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, దాని సంగతీ ఇంతే. ఒకప్పుడు 100 కిలోమీటర్లకి ఒక రోజు గడువు ఇచ్చేవాళ్లు, 2021 జనవరి నుంచి 200కి ఒక రోజు చేశారు. బండి దారిలో టైరు పగిలి ఆగితే గడువుకి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలు, ఆలోపే పొడిగించుకోవాలి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి జీతం ఏ ప్లాన్‌లోనూ కనపడదు నాకు. పగలు సిటీలోకి నో ఎంట్రీ అని బండి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరే ఆగిపోతే ఆ హాల్టింగ్ ఖర్చు ఎవరిదన్నదీ కనపడదు.

మీ 10 లక్షలకి వద్దాం. 60,000 కిరాయి లెక్కన 16 లోడ్లు. 60 రోజుల పార్టీలైతే నెలకి 8 లోడ్లు, 16,000 మిగులు. అదే డబ్బు 15 రోజుల పార్టీలతో తిప్పితే నెలకి 32 లోడ్లు, 64,000. కాబట్టి ప్లాన్‌లో మార్కెట్ ఎంత పెద్దదో రాయకండి, బ్యాంకాయనకి అది మీకంటే బాగా తెలుసు. ముగ్గురు పార్టీల పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా బిల్లు ఏ తారీఖున తీసుకుంటారు, పీఓడీ స్కాన్ చాలా, ఒరిజినలే కావాలా, పగుళ్లు, తరుగు ఎవరి లెక్కలో కోస్తారు, ఇవి రాయండి. ఇవి ఇంట్లో కూర్చుంటే తెలియవు. జీడిమెట్ల, పటాన్‌చెరు తిరిగి ఆ అకౌంట్స్ కుర్రాళ్లతో టీ తాగితేనే తెలుస్తాయి. ఓనర్లని కాదు, ఆ కుర్రాళ్లని పట్టుకోండి. రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

ఆ రాయ్‌పూర్ బిల్లు 71వ రోజున వచ్చింది, రెండు పైపుల ధర కోసేసి.