సౌనాలో కళ్లు తిరగడం కన్నా ఆ రాత్రి వేసుకున్న నొప్పి మాత్రే ఎక్కువ ఆందోళనకరం

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లోని టాంపెరేలో ఉంటున్నాను. ఈమధ్య ఒక సహోద్యోగి సరస్సు ఒడ్డున ఉన్న తమ వేసవి ఇంటికి పిలిస్తే, జీవితంలో తొలిసారి సౌనాలో, అంటే చెమట పట్టేలా కూర్చునే వేడి గదిలో, కూర్చున్నాను. అంతకుముందే ఒక బీరు తాగాను. పై బల్ల మీద పావుగంట కూర్చుని లేవగానే కళ్లు చీకట్లు కమ్మి కూలబడ్డాను. రాత్రి తలనొప్పిగా ఉంటే ఇబుప్రొఫెన్ 400 ఎంజీ మాత్రలు రెండు వేసుకున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర హైదరాబాద్ నుంచి తెప్పించుకుని వాడుతున్నాను. సౌనాతో బరువు తగ్గుతుందా? సౌనాకు వెళ్లే రోజు బీపీ మాత్ర మానేయవచ్చా? ఇన్సులిన్ తీసుకునే మా నాన్నగారు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారు. ఆయనను తీసుకెళ్లవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: బరువు సంగతి ఒక్క మాటలో చెబుతాను. సౌనాలో తగ్గేది చెమట రూపంలో పోయిన నీరు మాత్రమే, నీళ్లు తాగగానే అది తిరిగి వస్తుంది. మీ ఉత్తరంలో నన్ను కలవరపరిచింది ఆ రాత్రి వేసుకున్న ఇబుప్రొఫెన్. మీరు వాడే బీపీ మాత్రలోని టెల్మిసార్టాన్ మూత్రపిండాల్లోని వడపోత ఒత్తిడిని తగ్గిస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రం ద్వారా బయటికి పంపుతుంది, ఇబుప్రొఫెన్ మూత్రపిండాలకు రక్తం తెచ్చే నాళాలను కుదించగలదు. ఈ మూడూ ఒకే ఒంట్లో కలిసిన రోజునే అర లీటరు చెమట కూడా పోయి ఉంటే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ఒక్క రాత్రితో మీకు హాని జరిగి ఉంటుందని నేను అనడం లేదు, చాలామందికి ఏమీ కాదు. కానీ తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ఇదే అలవాటైతే ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది రావచ్చు. మందుల షాపులో చీటీ అడగకుండా ఇచ్చారు కాబట్టి అది అందరికీ సురక్షితమని అనుకోకండి. అక్కడి ఫార్మసిస్టుకు మీ బీపీ మందు పేరు చెప్పి ఉంటే ఆయనే వారించేవారు. నీళ్లు తాగినా తగ్గని తలనొప్పికి, కాలేయ సమస్య లేనివారికి సాధారణంగా పారాసిటమాల్ మేలు. మద్యం తాగిన రోజున దాని మోతాదులోనూ జాగ్రత్త అవసరం.

ఇక కళ్లు తిరగడం. ఫిన్లాండ్ సౌనాలో గాలి వేడి సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది, కప్పుకు దగ్గరగా ఉండే పై బల్ల దగ్గర మరింత ఎక్కువ. ఆ వేడికి చర్మంలోని రక్తనాళాలన్నీ వ్యాకోచిస్తాయి, గుండె వేగం నిమిషానికి 100 దాటుతుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా లేస్తే రక్తం కాళ్లలోకి దిగిపోయి మెదడుకు క్షణకాలం చాలదు. బీరు, ఒంట్లో నీటిని బయటికి పంపే హైడ్రోక్లోరోథయజైడ్ దీనికి తోడయ్యాయి. పుట్టినప్పటి నుంచీ అలవాటున్న మీ మిత్రులతో సమానంగా పై బల్ల మీద కూర్చోవలసిన అవసరం మీకు లేదు. కింది బల్ల మీద ఐదు నుంచి పది నిమిషాలు కూర్చుని, లేచే ముందు కాళ్లు కిందికి దించి ఒక నిమిషం ఆగి బయటికి రండి. మద్యం సౌనా అయ్యాక కూడా వెంటనే వద్దు. వేడి నుంచి నేరుగా చన్నీటి సరస్సులోకి దూకితే రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, ఊపిరి అదుపు తప్పుతుంది, మీ పరిస్థితి తేలే వరకు ఆ పని చేయకండి.

బీపీ మాత్రను మీ అంతట మీరు మానేయవద్దు. టెల్మిసార్టాన్ ప్రభావం 24 గంటలకు పైగా ఉంటుంది కాబట్టి ఉదయం మాత్ర మానేసినంత మాత్రాన సాయంత్రానికి దాని ప్రభావం పోదు, పైగా ఆ తర్వాతి రోజుల్లో బీపీ అదుపు తప్పవచ్చు. అసలు ఆ మోతాదు ఇప్పుడు మీకు ఎక్కువవుతోందేమో ఎవరు చూశారు? పాత చీటీ మీద మందులు తెప్పించుకుంటూ బీపీ చూపించుకోకుండా గడపడం విదేశాల్లో ఉండే మనవాళ్లలో నేను తరచుగా చూస్తున్నాను, ఇది నాకు ఎంతో బాధ కలిగించే విషయం. ఫిన్లాండ్‌లో యాజమాన్యం ఉద్యోగులకు వృత్తి ఆరోగ్య సేవ కల్పించాలి, దానిని వాడుకోండి. కూర్చున్నప్పుడు, లేచి నిలబడిన ఒకటి, మూడు నిమిషాలకు బీపీ చూసుకోండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే వైద్యునికి చెప్పాలి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తంలోని లవణాలైన సోడియం, పొటాషియం పరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి.

సౌనా గుండెకు మంచిదని మీ మిత్రులు చెప్పి ఉండవచ్చు. తూర్పు ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతంలో 2,315 మంది మధ్యవయస్కులైన పురుషులను సుమారు 20 ఏళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుంచి ఏడు సార్లు సౌనాకు వెళ్లేవారిలో గుండె హఠాత్తుగా ఆగి చనిపోవడం తక్కువగా కనిపించింది. అది గమనించిన సంబంధమే తప్ప సౌనా వల్లనే అలా జరిగిందనడానికి రుజువు కాదు. వారు బాల్యం నుంచి ఆ వేడికి అలవాటుపడినవారు కూడా.

నాన్నగారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వేడికి ఇన్సులిన్ త్వరగా రక్తంలోకి చేరి చక్కెర పడిపోవచ్చు. చెమట, నీరసం, తల తిరగడం అప్పుడు కూడా ఉంటాయి కాబట్టి సౌనాలో దానిని గుర్తించడం కష్టం. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. విమానం ఎక్కే ముందే ఆయన వైద్యునితో ఈ విషయం నేరుగా మాట్లాడి, నడిచినప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం ఉన్నాయేమో చెప్పించండి. ఉంటే గుండె పరీక్షలు అయ్యే వరకు ఆయనను సౌనాలోకి తీసుకెళ్లకండి. మీలో ఎవరికైనా సౌనాలో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఇంటికి వెళ్లి చూద్దామని ఆగకుండా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.