మగ్గమూ వద్దంటున్నారు, మిద్దెతోటా వద్దంటున్నారు

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. పెళ్లై ఆరేళ్లయింది. నాలుగేళ్ల పాప ఉంది, ఇప్పుడు మళ్లీ ఐదో నెల. మా ఆయనకు ఎరువుల కొట్టు. పెళ్లికి ముందే నేర్చుకున్న మగ్గం పని ఇంట్లోనే చేస్తున్నాను, మామూలు జాకెట్లు కూడా కుడతాను. మిద్దె మీద బకెట్లలో, సంచుల్లో అత్తయ్యా నేనూ కలిసి కూరగాయలు పెంచుతున్నాం. మొన్న శ్రావణంలో మరిదికి పెళ్లయింది. ఆయనకు కృష్ణపట్నం వైపు ఉద్యోగం, వాళ్లూ మాతోనే ఉంటున్నారు. మగ్గం ఉన్న గది వాళ్లకిచ్చి, మగ్గాన్ని వరండాలోకి మార్చాను. ఇప్పుడు మా ఆయన "ఇల్లు ఇరుకైపోయింది, ఆ మగ్గం విప్పి అటక మీద పడెయ్, మిద్దె మీద కుండీలు తీసేసి గది వేద్దాం" అంటున్నారు. తోట నీళ్లు దిగి మరిది గదిలో గోడ చెమ్మ పట్టిందని ఇంకో గొడవ. అత్తయ్య మొదట్నుంచీ పొదుపు సంఘంలో ఉన్న మనిషి, ఆమె కూడా "వాడు చెప్పేది నిజమే గదమ్మే, ఈ పూసలు బిడ్డ కాళ్లకు గుచ్చుకుంటా ఉండాయి" అంటుంది. తోడికోడలు డిగ్రీ చదివింది, పనిలో చెయ్యి వెయ్యదు, ఎప్పుడూ ఫోనే. నాకు సాయంత్రానికి కళ్లు తిరుగుతున్నాయి. కార్తీకం పెళ్లిళ్లకు మూడు జాకెట్లు, మాఘానికి ఐదు ఒప్పుకున్నాను. పెళ్లి జాకెట్‌కు 4,500 తీసుకుంటాను, ఆరు రోజులు పడుతుంది. లైనింగ్ జాకెట్‌కు 350. నెలకు ఎంతొస్తుందని మా ఆయన అడిగితే "ఏదో వస్తాయి" అంటాను. పెద్దాడపడుచు రెండు లైనింగ్ జాకెట్ల డబ్బు ఇంతవరకూ ఇవ్వలేదు. చివరికి చిక్కుడు పాదు కూడా పూత లేదని పీకెయ్యమంటున్నారు. ఈ రెండూ వదిలేసి కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. నాది స్వార్థమా?

జవాబు: ముందు ఆ కళ్లు తిరగడం సంగతి చూడండి, మగ్గం సంగతి తర్వాత. ఉత్తరంలో దాన్ని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. ఐదో నెలలో సాయంత్రానికి కళ్లు తిరుగుతుంటే రక్తం తక్కువగా ఉందేమో, బీపీ ఎలా ఉందో తెలియాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది, మీ ఏఎన్ఎమ్‌నో ఆశా కార్యకర్తనో అడిగితే ఎక్కడికి రావాలో చెబుతారు. అంతదాకా ఆగలేనట్టుంటే రేపే వెళ్లండి. ఐరన్ మాత్ర టీతోనో పాలతోనో వేసుకోవద్దు, కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు. రెంటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. ముఖం, చేతులు వాచినా, తలనొప్పి వదలకపోయినా, కళ్ల ముందు మిణుగురులు కనిపించినా ఏ జాకెట్ ఎంత అర్జెంటైనా వదిలేసి ఆసుపత్రికి పోవాలి.

మగ్గం పనిలో మీ ఒంటికి ఇప్పుడు పడని భాగం ఒకటుంది, అచ్చు వెయ్యడం. ట్రేసింగ్ పేపరు మీద చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో తెల్లపొడి కలిపి, గుడ్డ మీద రుద్దుతారు కదా. మూసి ఉన్న వరండాలో ఆ వాసన, ఆ పొడి మీరు పీల్చాల్సిన పని లేదు. నెల్లూరులో అచ్చు వేసిచ్చే దుకాణాలు ఉంటాయి, ఈ నాలుగు నెలలూ అక్కడే వేయించుకోండి. మగ్గం ముందు వంగి కూర్చున్నా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి, కాళ్ల కింద పీట ఉండాలి.

ఇక ఇంటి గొడవ. అందులో ఎవరూ దుర్మార్గులు నాకు కనపడలేదు. మీ ఆయన అన్నవాటిలో రెండు మాటలు సరైనవి. గోడ చెమ్మ పట్టిందన్నది నిజం, ఇల్లు ఇరుకైందన్నదీ నిజమే. అయితే ఇరుకును తప్పించడానికి ఇంట్లో మీరు పెట్టుకున్నవి రెండే ఆయన కంటికి ఆనడం మాత్రం సరి కాదు. దానికి కారణం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఎంతొస్తుందని అడిగితే "ఏదో వస్తాయి" అన్నారు. ఎరువుల కొట్టు నడిపే మనిషితో ఆ మాట అంటే ఎలాగమ్మా? యూరియా బస్తా దగ్గర్నుంచి అప్పు ఖాతా దాకా ఆయన రోజంతా అంకెల్లోనే బతుకుతారు. అంకె లేని పని ఆయనకు తీరుబడి పనిలాగే కనిపిస్తుంది. రేపు పాప నోట్‌బుక్ ఒకటి తీసుకుని లెక్క మొదలుపెట్టండి.

మీరు రాసిన ధరలతోనే నేను ఒక లెక్క వేసి చూశాను. పెళ్లి జాకెట్‌కు 4,500. పూసలు, జర్దోసీ, పట్టు దారం, కుందన్లు, గమ్ము అన్నీ కలిపి 1,200 అనుకుందాం, అచ్చుకు 200, కుట్టుకూలి బయటిస్తే 500. మిగిలింది 2,600. ఆరు రోజులు, రోజుకు ఐదు గంటల చొప్పున ముప్పై గంటలు. అంటే గంటకు 86 రూపాయలు చిల్లర. లైనింగ్ జాకెట్‌కు 350లో దారం, హుక్కులకు 20 తీసేసినా, రెండున్నర గంటల్లో అయిపోతే గంటకు 132 పడుతుంది. సరుకు ఖర్చు నేను అనుకున్నదే, మీది మీరు వేసుకోండి. కానీ ఇంచుమించు ఇలాగే వస్తే, నడుం విరిగేలా చేసే పనికి మీకు తక్కువ, సాదా పనికి ఎక్కువ గిడుతోందన్నమాట. పెళ్లి జాకెట్ ధర పెంచాలి, లేకపోతే ఈ కాన్పు అయ్యేదాకా అలాంటివి తగ్గించాలి. మగ్గం పని తెలిసినవాళ్లు చాలామంది గంటల లెక్క వేసుకోరు. డిజైన్ బాగా వచ్చిందన్న సంతోషాన్ని కూడా కూలిలో జమ వేసుకుంటారు.

ఇప్పుడు ఐదో నెల అంటున్నారు, ఆశ్వయుజం నడుస్తోంది. మాఘం వచ్చేసరికి మీకు నెలలు నిండుతాయి. మాఘం ముహూర్తాలకు ఒప్పుకున్న ఐదు జాకెట్లూ ఈ వారంలోనే వెనక్కి ఇచ్చెయ్యండి. పెళ్లివాళ్లు ఇప్పుడు చెబితే ఇంకోచోట చూసుకుంటారు, సంక్రాంతి దాటాక చెబితే తిడతారు. అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగివ్వండి. కార్తీకానివి మూడూ చేసి ఇవ్వండి. ఆ తర్వాత మగ్గాన్ని మీ అంతట మీరే విప్పండి. కర్రలు నాలుగూ గుడ్డలో చుట్టి, సూదులు డబ్బాలో పెట్టి, అటక మీదికి ఎక్కించేటప్పుడు ఇంట్లో అందరూ ఉండగా "బిడ్డకు ఆరో నెల రాంగానే దించుతా" అని చెప్పండి. ఆయన పడేయించిన మగ్గం మళ్లీ దిగడం కష్టం. మీరు దాచుకున్న మగ్గమైతే ఆ మాట పట్టుకుని అడగొచ్చు. కుట్టు మిషను మాత్రం ఉండనివ్వండి. దానికి పట్టేది ఒక కుర్చీ జాగా. కాలితో తొక్కే మిషనైతే మోటారు బిగించుకోండి.

పూసల విషయంలో అత్తయ్య మాటను కొట్టేయకండి. కాళ్లకు గుచ్చుకోవడం చిన్నది, నాలుగేళ్ల పిల్లలు పూసను ముక్కులోనో చెవిలోనో పెట్టుకోవడం అంతకంటే ప్రమాదం. అలా జరిగితే పిన్నుతో, వేలితో తియ్యబోవద్దు, ఇంకా లోపలికి పోతుంది. నేరుగా డాక్టరు దగ్గరికే. పని అయ్యాక మగ్గం కింద పరిచిన దుప్పటి నాలుగు మూలలూ పట్టి ఎత్తితే పూసలన్నీ ఒకచోట పడతాయి, అవి మూత బిగుతుగా ఉండే డబ్బాలోకి పోవాలి.

అత్తయ్య గురించి ఇంకో మాట. ఆమె మీకు ఎదురుపక్షం కాదని నాకనిపిస్తోంది. మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1992లో దూబగుంట నుంచి సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఈ జిల్లాలో ఊరూరా పుట్టాయి. ఆ కాలం నుంచీ సంఘంలో ఉన్నావిడకు ఆడదాని చేతిలో తన డబ్బు ఉంటే ఏమవుతుందో మీరు చెప్పాలా? నెల గడిచాక ఆ నోట్‌బుక్ మొదట ఆమెకే చూపించండి. కొడుక్కి చెప్పాల్సింది ఆమే చెబుతుంది, మీరు చెప్పినదానికంటే బాగా.

తోట ఆమెదీ మీదీ కదా, మీ ఒక్కరిదే అన్నట్టు పోట్లాడకండి. గర్భిణి ఎత్తకూడని బరువులన్నీ మిద్దె మీదే ఉన్నాయి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు నిండా తడిమట్టి ఉంటే ముప్పై కిలోల దాకా తూగుతుంది. నీళ్లు పైపుతోనే పట్టాలి, బకెట్లు జరపడం మీ పని కాదు. మట్టిలో చెయ్యి పెడితే గ్లౌజులు వేసుకోండి, పిల్లులు తిరిగే మట్టితో కడుపులో బిడ్డకు ప్రమాదం ఉంటుంది. ఆకుకూర రెండు మూడు నీళ్లలో కడగాలి. పిండినల్లి పట్టిందని కొట్లోంచి మందు తెచ్చి కొడతానంటే వద్దనండి. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఇంకెవరైనా కొట్టినా చాలు.

చెమ్మ గొడవను మాత్రం వెంటనే తేల్చాలి, ఎందుకంటే మన జిల్లాలో అసలు వానలు ఇప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వరసగా వస్తాయి. మిద్దె నీళ్లు పోయే గొట్టం మూతిలో మట్టీ ఆకులూ అడ్డం పడి ఉంటాయి, మీ ఆయన్నే పైకి తీసుకెళ్లి చూపించండి. బకెట్లు నేలకు ఆనకుండా ఇటుకల మీద ఎత్తాలి, స్లాబు నడుమ నుంచి తీసి గోడల వెంబడి, దూలాల మీదికి చేర్చాలి. మరిది గదికి సరిగ్గా పైన ఉన్న భాగం పూర్తిగా ఖాళీ చెయ్యండి. కొత్త దంపతుల గదిలో గోడ నాని ఉంటే ఆ పిల్ల పుట్టింట్లో ఏం చెబుతుంది? సగం తోట తగ్గినా తగ్గనివ్వండి. గోంగూర, తోటకూర, కరివేపాకు, నాలుగు వంగమొక్కలు ఉంటే రోజూ పైకి వెళ్లడానికి మీకో సాకు, ఇంటికి కూర.

చిక్కుడు పాదు పీకొద్దు. పాత తీగ చిక్కుడు రకాలు పొద్దు తగ్గి చలి తగిలాకే పూతకొస్తాయి, ఆశ్వయుజంలో ఆకులే వేస్తాయి. కొట్లో ఉంది కదా అని యూరియా చల్లుతున్నారేమో, అది ఎక్కువైతే ఆకే పెరుగుతుంది.

గది వెయ్యడం గురించి ఇప్పుడే అవునని గానీ కాదని గానీ అనకండి. ఈ వానల్లో స్లాబు పని ఎలాగూ పెట్టరు. పాత మిద్దె గది బరువు మోస్తుందా లేదా అన్నది ఇంజనీరు చూసి చెప్పాలి, మేస్త్రీ ఒక్కడి మాట చాలదు. అంతకు ముందు అడగాల్సింది ఇంకొకటుంది. మరిదీ ఆయన భార్యా ఇక్కడే ఉండిపోవాలనుకుంటున్నారా? రోజూ కృష్ణపట్నం వైపు తిరిగే మనిషికి నెల్లూరులో అద్దెకుంటే దగ్గరేమో. వాళ్లకే ఆ ఆలోచన ఉంటే లక్షలు పోసి గది వేసి ఏం లాభం? అయితే ఈ ప్రశ్న మీ నోట రాకూడదు. వదిన వెళ్లగొడుతోందని మాట పడుతుంది. అత్తయ్య చేత అడిగించండి, ఆమె అడిగితే అది తల్లి ప్రశ్న.

తోడికోడలి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను. పెళ్లై మూడు నెలలు కాని పిల్ల, ఎవరి వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో తెలియని పిల్ల, ఏ పని చెయ్యాలో ఎవరూ చెప్పకపోతే ఫోన్ చూడక ఏం చేస్తుంది? మీరు అలిగి మౌనంగా అన్నీ చేసేస్తుంటే ఆమెకు మీ పనుల్లో చోటేదీ? "కొంచెం సాయం చెయ్యి" అని కాకుండా ఫలానా పని చెప్పండి. పొద్దున మిద్దె మీద నీళ్లు పట్టడం ఆమెది. మీ లెక్కలు ఫోన్లో ఎక్కించడం, జాకెట్ల ఫోటోలు తీసి అడిగినవాళ్లకు పంపడం కూడా ఆమెకే ఇవ్వొచ్చు, చదువుకున్న పిల్ల. దానికి నెలకింత అని ముందే ఒప్పుకుని చేతికివ్వండి. తెచ్చిన పని వల్ల డబ్బు వస్తే తనకూ వాటా ఉంటుందంటే వరండాలో మగ్గం ఉండటం ఆమెకూ బరువనిపించదు.

స్వార్థమా అని అడిగారు. కాదు. కానీ మీకు ఇష్టమైనవి రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలని, ఒళ్లు, ఇల్లు మారినా అవి మారకూడదని కూర్చుంటే మీరే అలసిపోతారు. కాన్పుకు పుట్టింటికి వెళ్తారా అన్నది రాయలేదు. వెళ్తే ఆ మూడు నెలలూ మొక్కలు ఎవరివో, మీ ఖాతాదార్లకు ఏం చెప్పాలో ఇప్పుడే అత్తయ్యతో అనుకోండి.

ఇక పెద్దాడపడుచు బాకీ. అత్తయ్య ఎదురుగా, పండక్కి వచ్చినప్పుడు అడగొద్దు. నోట్‌బుక్‌లో ఆమె పేరు కింద 700 రాసి, ఫోన్ చేసి మామూలుగా చెప్పండి: "వదినా, కాన్పు ఖర్చులకని లెక్కలు చూసుకుంటా ఉండా, నీ జాకెట్లవి ఏడొందలు ఉండాయి." ఇస్తే సరే. ఇవ్వకుండా ఇంకో గుడ్డ పంపితే, పాతవి ముట్టాకే దాని మీద కత్తెర పెట్టండి.