గైడులో జవాబు లేని ప్రశ్న అడగండి

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకి సోషల్ చెప్తాను, లెక్కల టీచర్ రాకపోతే ఆ క్లాసు కూడా నాకే పడుతుంది. క్లాసులో 46 మంది. బిట్లు అడిగితే టకటకా చెప్పేస్తారు, చార్మినార్ ఎప్పుడు కట్టారంటే 1591 అని అందరూ ఒకేసారి అరుస్తారు. అదే ఎందుకు, ఎలా, నువ్వైతే ఏం చేస్తావు అంటే మాత్రం తల దించుకుని గైడు తిరగేస్తారు. ట్రైనింగ్‌లో హయ్యర్ ఆర్డర్ థింకింగ్ (బట్టీ కాకుండా లోతుగా ఆలోచించడం) అన్నారు గానీ 40 నిమిషాల పీరియడ్‌లో ఏం చేయించాలో ఎవరూ చెప్పలేదు.
– ఒక టీచర్, ఉప్పల్

జవాబు: మీ పిల్లలకి ఆలోచన రాదని మాత్రం అనుకోకండమ్మా, మనమే వాళ్ళకి టైమ్ ఇవ్వం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు రికార్డ్ చేసి చూస్తే టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారట, అంతే, ఇంకొకర్ని లేపడమో తామే చెప్పేయడమో! ఆ ఆగడాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, తెలీదు అనేవాళ్ళు తగ్గారు. రేపు క్లాసులో ప్రశ్న అడిగి మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి చూడండి, మొదట్లో ఆ నిశ్శబ్దం భలే ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి.

ఇక యాక్టివిటీ. నేను చాలా ఏళ్ళు చేయించింది, ఇప్పటికీ నాకు ఇష్టమైంది మూసీ పాఠం. బోర్డు మీద మూసీ గీస్తాను, అనంతగిరి కొండల్లో పుట్టి వికారాబాద్ వైపు నుంచి ఊరి మధ్యలోకి ఎలా వస్తుందో. తర్వాత 1908 సెప్టెంబర్ 28 వరద సంగతి కథలాగా చెప్తాను, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్పుకుంటారు కదా, ఆ మాట వినగానే క్లాసు మొత్తం ఊపిరి బిగబడుతుంది. అక్కడ ఆపేసి పుస్తకాలు మూయించి, "నిజాం మిమ్మల్ని పిలిచాడు, ఊరు మళ్ళీ మునగకూడదు, జనానికి తాగే నీళ్ళు కూడా కావాలి, ఏం చేస్తారు" అని అడుగుతాను. ముందు రెండు నిమిషాలు ఎవరికి వాళ్ళు రాసుకోవాలి, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడాలి, అప్పుడు నలుగురేసి కూర్చుని ఒక్క ప్లాన్ గీయాలి. ఒంటరిగా ఆలోచించే ఆ రెండు నిమిషాలు వదిలేయకండి, లేకపోతే ప్రతి గ్రూపులో ఒక్క గట్టి గొంతు పిల్లాడే అంతా చెప్పేస్తాడు.

గోడ కడదామంటారు, ఒడ్డు మీద ఇళ్ళు ఖాళీ చేయిద్దామంటారు, ఇంకో కాలువ తవ్వుదామంటారు. దేన్నీ కరెక్ట్ అనకండి, తప్పనీ అనకండి. ఇంకో గ్రూపుని లేపి "ఇలా చేస్తే ఎవరికి నష్టం" అని అడిగించండి, అసలు మజా అక్కడుంది, ఇళ్ళు ఖాళీ చేయించమన్నవాళ్ళని "వాళ్ళు ఎక్కడికి పోవాలి" అని నిలదీస్తారు చూడండి. చివరి ఐదు నిమిషాల్లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఊరికి పైన నీళ్ళు ఆపే ప్లాన్ ఇచ్చారని, అలా 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట, 1927లో ఈసీ నది మీద హిమాయత్ సాగర్ వచ్చాయని చెప్పండి. అప్పటికి వాళ్ళు తమ ప్లాన్‌తో పోల్చి చూసుకుంటారు కాబట్టి ఆ రెండు సంవత్సరాలు బట్టీ పట్టించక్కర్లేదు. ఒకసారి ఒక పాప లేచి, "మరి ఇప్పుడు గేట్లు ఎత్తితే మూసారంబాగ్ బ్రిడ్జి మీదికి నీళ్ళెందుకొస్తున్నయ్ టీచర్" అంది. జవాబు చెప్పలేదు, బోర్డు మీద రాసి వారం రోజులు చెరపలేదు, ఇంట్లో నాన్నల్ని తాతల్ని అడిగి రోజుకొకరు ఏదో ఒకటి పట్టుకొచ్చారు.

లెక్కల క్లాసు పడినప్పుడు 24 అగ్గిపుల్లలు చాలు. అన్నీ వాడి దీర్ఘచతురస్రాలు చేయమనండి. చుట్టుకొలత ఎప్పుడూ 24 పుల్లలే, కానీ 11, 1 పెట్టినవాడికి వైశాల్యం 11 వస్తుంది, 6, 6 పెట్టినదానికి 36. "అదే కంచె, నీ పొలం ఎందుకు పెద్దదైంది" అని పిల్లలే కొట్లాడుకుంటారు. కావాలని తప్పు చేసిన లెక్క బోర్డు మీద రాసి ఎక్కడ తప్పిందో, చేసినవాడు ఏమనుకుని అలా చేసి ఉంటాడో చెప్పించడం కూడా మంచిదే.

సిలబస్ గురించి మీ భయం నాకు తెలుసు. రోజూ వద్దు, వారానికి ఒక్క పీరియడ్, పాఠంలో ఉన్న విషయంతోనే. మార్కులు కూడా జవాబుకి కాకుండా చూపిన కారణానికి వేయండి, పది మార్కుల స్లిప్ టెస్టులో రెండు మార్కులకి "నువ్వైతే ఏం చేస్తావు, ఎందుకు" ఉండనివ్వండి, ఎందుకంటే మార్కుల్లేనిది మన పిల్లలు సీరియస్‌గా తీసుకోరు, అది వాళ్ళ తప్పు కాదు. గోల గురించి హెచ్.ఎం. గారు ఏమన్నా అంటారేమో అనిపిస్తే ముందే వెళ్ళి ఆ పీరియడ్‌కి వచ్చి వెనక బెంచీలో కూర్చోమనండి. మూసీ పాఠానికైతే తప్పకుండా పిలవండి.