బాపు ట్రంకు పెట్టెల రివాల్వర్.. మాదైతదా?

సందేహం: బాపు మిలట్రీల సుబేదారుగ రిటైరైండు. సచ్చిపోయి నాలుగేండ్లు. మొన్న పరకాల ఇల్లు సదురుతుంటే ఆయన ట్రంకు పెట్టెల గుడ్డల చుట్టిన రివాల్వర్, ఆరు తూటాలు దొరికినయి. మిలట్రోళ్లే ఇచ్చిండ్రని అంటుండె. లైసెన్సు కనబడ్తలేదు. యాదిగ ఉంచుకుందామని ఉంది. ఇన్నేండ్లు ఎవరడగలే, ఇప్పుడు కేసైతదా? నంబరు అరగదీసి అమ్మెయ్యమని మా మేనమామ అంటున్నడు.

జవాబు: ‘ఇచ్చిండ్రు’ అన్న మాట దగ్గరే ఆగండి. డ్యూటీకి ఇచ్చారా, పైసలు కట్టించుకుని అమ్మారా? డ్యూటీ ఆయుధం కోత్‌లో (యూనిట్ ఆయుధాల గదిలో) రిజిస్టర్ మీద తీసుకుని మళ్లీ అక్కడే అప్పజెప్పేది. ఎన్నేళ్లు మోసినా సర్కారుదే, వారసత్వానికి రాదు. సైన్యం మామూలుగా వాడని రకం ఆయుధాలను (ఎన్‌ఎస్‌పీ అంటారు) మాత్రం జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ డిపో నుంచి సర్వీసులో ఉన్నవాళ్లు కొనుక్కునేవారు. కొంటే వోచరు, లైసెన్సు ఉండాలి. డిశ్చార్జి బుక్కు పెట్టిన కవర్లో చూడండి. రివాల్వర్ మీద సర్కారు ఆస్తికి వేసే బాణం గుర్తును నమ్ముకోకండి, సర్కారు అమ్మేసిన పాత వాటి మీదా అది ఉంటుంది.

నాలుగేళ్ల లెక్క మీకు పనికిరాదు. లైసెన్సు లేని ఆయుధం దగ్గరుంచుకోవడం రోజురోజుకూ సాగే నేరం. పైగా ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత శిక్ష 2 నుంచి 5 ఏళ్లు, 9 ఎంఎం లాంటి నిషిద్ధ బోరైతే (బోరు అంటే గొట్టం కొలత) 7 నుంచి 14. మూడేళ్లకు మించి శిక్షపడే నేరాలకు బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 514వ సెక్షన్ పెట్టిన కేసు గడువు వర్తించదు. మీకు కలిసొచ్చేది ఒకటే: తెలియకుండా ఇంట్లో ఉన్నది మీ ‘స్వాధీనం’ కాదు. పెట్టె తెరిచిన రోజు నుంచి అవుతుంది. ఆ తేదీనే మీరు రాయలేదు! ‘మొన్న’ అంటే కోర్టు ఒప్పుకోదు.

మేనమామ మాట వినకండి. నంబరు చెరిగి ఉంటే, చెరిపింది మీరేనని ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ముందే అనుకుంటుంది, కాదని మీరే రుజువు చేసుకోవాలి. అమ్మితే 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. నక్సలైట్ దళాలు తిరిగిన మన జిల్లాల్లో ఆ తుపాకీ ఎవరి చేతికి పోయిందన్న ప్రశ్న అంత తేలిగ్గా వదలదు.

తుడవకండి, తూటాలు తీయాలని చూడకండి, బండి డిక్కీలో వేసుకుని స్టేషన్‌కు పోకండి. ముందు దరఖాస్తు రాయండి: దొరికిన తేదీ, పక్కనున్నవాళ్ల పేర్లు, తూటాల సంఖ్య, తండ్రిగారి ఆర్మీ నంబరు. స్టేషన్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి, వాళ్లే వచ్చి పంచనామా చేసి తీసుకెళ్తారు. ఇలాంటి కేసు నడపాలంటే ఆయుధాల చట్టం 39వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఆ ఫైల్లో మీ దరఖాస్తు తేదీ పోలీసుల సోదా కంటే ముందుండాలి.

తర్వాతే రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు లేఖ. కొన్నదని తేలితే, మిగతా వారసుల నిరభ్యంతర పత్రంతో 2016 ఆయుధాల నియమాల కింద వరంగల్ పోలీస్ కమిషనర్‌కు లైసెన్సు కోసం పెట్టుకోవచ్చు. ఆయుధం తీసుకెళ్లేటప్పుడు పోలీసులిచ్చే రసీదులో రివాల్వర్ నంబరు పడిందో లేదో అప్పుడే చదువుకోండి.